ఈజిళ్లకు ఎదురుగా వేసిన కుర్చీ

మీరేం ఉద్యోగం చేసేవారని ఎవరైనా అడిగితే, కూర్చునేవాణ్ణి అని చెబుతాను. నవ్వుతారు. కానీ నా కొలువులో మొదటి సగం అదే పని. పత్తర్‌గట్టి వెనుక గల్లీలో, నవాబుల కాలం నాటి ఒక పాత దేవిడీ భవంతిలో చిత్రకళా పాఠశాల ఉండేది. అక్కడి విద్యార్థులు మనిషి బొమ్మ వేయడం నేర్చుకోవాలంటే ఎదురుగా కదలకుండా ఒక మనిషి కూర్చోవాలి కదా, ఆ మనిషిని నేను. మోడల్ అంటారు. మా గల్లీలో ఎవరికీ ఆ మాట చెప్పలేదు. ‘ఇస్కూల్ల నౌకరీ’ అని ఊరుకునేవాణ్ణి.

ఇప్పటికీ మీలో ఎవరో ఒకరు ఎక్కడో ఒక ఈజిల్ ముందు నిలబడి, ఎదురుగా ఉన్న ముసలాయన మొహంలో ముడతలు వెతుకుతూనే ఉంటారు. మీ కోసమే రాస్తున్నాను. ఇందులో నేర్చుకోవలసింది ఏమైనా ఉందా అంటే నాకు తెలియదు. జరిగింది మాత్రం చెబుతాను.

అంతకుముందు నేను ఉస్మాన్‌గంజ్‌లో హమాలీని. మిర్చి బస్తాలు, చింతపండు బస్తాలు మోసేవాణ్ణి. ఒకసారి లారీ పక్కనే కూలబడి లేవలేకపోయాను. నడుము పాడైంది, ఇక బరువు ఎత్తొద్దన్నాడు డాక్టరు. హమాలీకి ఆ మాట చెప్పడమంటే ఇంటికి పోయి పడుకోమని చెప్పడమే. పడుకున్నాను. నా భార్య అదే గంజ్‌లో ఆడవాళ్లతో కూర్చుని చింతపండు గింజలు తీసేది. ఆ పనితోనే ఇల్లు గడిచింది. మాకు పిల్లలు లేరు.

మా గల్లీ చివర ఒక భాయ్ ఉండేవాడు. ఆ పాఠశాలలో అటెండరు. ఒక శుక్రవారం నమాజు నుంచి వస్తూ మా గడప దగ్గర ఆగాడు.

“భాయ్, నీకు నౌకరీ చూసిన. కూసోవాలె, అంతే.”

“కూసొని ఏం చెయ్యాలె?”

“కుఛ్ నై. కూసోవాలె. పిల్లలు నీ బొమ్మ గీస్తరు. నీ మొఖం మస్తుంటది. ఎముకలు, గుంతలు, గా మీసాలు. మా సాబ్ గసొంటి మొఖం కోసమే దేవులాడుతుండు.”

లోపల అన్నం వారుస్తున్న నా భార్యకు నవ్వు ఆగలేదు. “ఇంట్ల ఒక్క తాన నిలువడు. గీ మనిషినా నువ్వు కూసోవెట్టేది?” అంది.

మర్నాడు వెళ్లాను. అప్పుడే మొదటిసారి ఈజిల్ అనేదాన్ని చూశాను. మూడు కాళ్ల చెక్క స్టాండు. ముందు రెండు కాళ్లు, వెనక ఒకటి. ముందు కాళ్లకు పొడుగునా బెజ్జాలు, ఆ బెజ్జాల్లో చెక్క మేకులు. మేకులు ఎంత ఎత్తున పెడితే బోర్డు అంత ఎత్తున నిలబడుతుంది. ఎత్తైన కిటికీలున్న పెద్ద హాలులో అవన్నీ అర్ధచంద్రంలా నిలబెట్టి ఉండేవి. మధ్యలో ఒక చెక్క తిన్నె, దాని మీద నా కుర్చీ.

పాఠశాల పెట్టింది, నడిపింది ప్రిన్సిపాల్ సారు. కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా మొదటి పాఠం ఈజిల్ గురించే చెప్పేవాడు. బోర్డు నడుమ భాగం మీ కంటికి సూటిగా ఉండాలి. వెలుతురు ఎడమ నుంచి రావాలి, లేకపోతే మీ చేతి నీడే మీ బొమ్మ మీద పడుతుంది. మెడ తిప్పకుండా, కళ్లు కాస్త జరిపితే చాలు, మోడలూ బొమ్మా రెండూ కనిపించాలి. ఈజిల్‌కు అతుక్కుపోయి గీయకండి, వెనక్కి నడవండి, దూరం నుంచి చూడండి, మళ్లీ ముందుకు రండి. ఆఖరున సుద్దముక్క తీసి ఈజిల్ మూడు కాళ్ల చుట్టూ నేల మీద గుర్తులు పెట్టించేవాడు. ఒక్క కాలు కాస్త జరిగినా కనిపించే ముక్కు వేరు, చెవి వేరు అయిపోతాయట. నా కుర్చీ కాళ్ల చుట్టూ, నా పాదాల చుట్టూ కూడా అలాగే గీసేవారు. విరామంలో లేచి చాయ్ తాగి వచ్చి నా పాదాలను వాటి గీతల్లోనే మళ్లీ పెట్టుకునేవాణ్ణి.

విద్యార్థులకు ఈజిళ్ల ముందు భాగం కనిపిస్తుంది, నాకు వీపులు కనిపించేవి. ముడి చెక్క, బోర్డుల అట్టలు, వాటి కింద పాదాలు. పక్క నుంచి ఒక తల బయటికి వస్తుంది, నన్ను చూస్తుంది, వెనక్కి పోతుంది. ఆ చూపు మనుషుల్ని చూసే చూపు కాదు. చాలా రోజులదాకా నాకు సిగ్గేసేది, తర్వాత అలవాటైంది. మొహాలకంటే పాదాలతోనే ఎక్కువమందిని గుర్తుపట్టేవాణ్ణి. బూట్లు, హవాయి చెప్పులు, ఒకాయన అరిగిపోయిన కొల్హాపురీలు. అవి వెనక్కి, ముందుకు, వెనక్కి, ముందుకు నడుస్తూనే ఉండేవి. పని బాగా సాగుతోందనడానికి నాకు అదే గుర్తు.

మొదట్లో ఒకసారి విరామంలో ఒక బొమ్మను తొంగి చూడబోయాను. సారు వద్దన్నాడు. “నిన్ను నువ్వు చూసుకున్నావంటే రేపటి నుంచి ఆ బొమ్మలాగా కూర్చోవడం మొదలుపెడతావయ్యా. నాకు నువ్వు కావాలి” అన్నాడు. మాట బాగుందనిపించింది. ఆ తర్వాత ఎన్నడూ చూడలేదు.

ఆయన చెడ్డవాడు కాదు. ఈ మాట ఇక్కడే చెప్పాలి, తర్వాత చెబితే మీరు నమ్మరు. తన ఇల్లు కూడా సరిగా పట్టించుకోకుండా ఆ పాఠశాల కోసం తిరిగిన మనిషి. నాకు జ్వరమొస్తే రిక్షా ఎక్కించి పంపేవాడు. పని లేని రోజుల్లో నన్ను తన గదిలో కూర్చోబెట్టి పేపరు చదివించేవాడు. నాకున్నది వానాకాలం చదువు. ఇప్పుడు ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ పేపర్ల వల్లే.

నేను చెప్పబోయే సంగతి జరిగిన యేటి బ్యాచిలో ఒకమ్మాయి ఉండేది. క్రైస్తవుల పిల్ల, తండ్రి బస్ డిపోలో మెకానిక్కు. పొట్టి మనిషి కావడంతో ఈజిల్ మేకులు అట్టడుగు బెజ్జాల్లో పెట్టుకునేది. ఆమె స్థానం తలుపు పక్కనే. విరామంలో నాకు నీళ్లు తెచ్చిచ్చేది. “అన్నా, కాళ్లు తిమ్మిరెక్కినయా?” అని అడిగేది ఆమె ఒక్కతే. ‘వదిన ఎట్లుంది?’ అని నా భార్య సంగతి అడిగేది. ఒకసారి ఇంటికి రమ్మని పిలిచాను కూడా. వస్తా వస్తా అంది, కుదరలేదు.

డెబ్బైల చివర్లో నా భార్యకు ఆయాసం మొదలైంది. రెండు మెట్లెక్కితే కూలబడేది. గుండెలో లోపమన్నారు. నది ఒడ్డున పెద్ద దవాఖానాలో చేర్చాను. ఊరి నుంచి ఆమె అక్క, మా వదినె, వచ్చి మంచం పక్కన చాప వేసుకుని ఉండిపోయింది. నేను పొద్దున ఒకసారి పోయి, పాఠశాలకు వచ్చి కూర్చుని, సాయంత్రం మళ్లీ పోయేవాణ్ణి. కుర్చీలో కూర్చున్నంతసేపూ ఆమె గురించే ఆలోచించేవాణ్ణి. ఆ వారాల్లో నా మొహంలో ‘డెప్త్’ వచ్చిందని ఎవరో విద్యార్థి అంటే విన్నాను.

సరిగ్గా అప్పుడే ఆఖరి సంవత్సరం పరీక్ష వచ్చింది, రెండు రోజుల పని. అంతదాకా మా పిల్లలు పరీక్ష రాయాలంటే నగరానికి అవతలి కొసన వేరే కళాశాలకు పోవాలి. ఆ యేడే మొదటిసారి పరీక్షను మా హాలులోనే పెట్టారు. అది సాఫీగా జరిగితే పాఠశాలకు గుర్తింపు వస్తుంది. సారు కొన్ని వారాలు నిద్రపోలేదు. హాలు కడిగించాడు, వదులైన ఈజిల్ కాళ్లన్నీ దగ్గరుండి బిగించాడు. “నువ్వు ఒక్కడివి బాగా కూర్చుంటే చాలయ్యా, మిగతాది నేను చూసుకుంటా” అన్నాడు నాతో.

పరీక్ష మొదటి రోజు పొద్దున దవాఖానాకు పోయాను. దిండ్లు ఎత్తుగా పెట్టి ఆమెను కూర్చోబెట్టారు. పడుకుంటే ఊపిరి ఆడటం లేదట. నన్ను చూసి, “ఇయ్యాల పరీచ్చ అంటివి గద. ఇంక ఈడనే ఉన్నవేంది? పో, పిల్లలు నీ కోసం కూసుంటరు” అంది.

“కూసునేది నేను, పిల్లలు కాదు” అన్నాను.

ఆమె నవ్వింది. నవ్వు దగ్గయింది. వదినె వీపు రాస్తూ నన్ను పొమ్మని చెయ్యి ఊపింది. “ఏమన్న అయితే ఇస్కూల్‌కు కబురు పంపు వదినె, గేటు కాడ భాయ్ ఉంటడు” అని చెప్పి వచ్చేశాను.

బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ నన్ను తానే కూర్చోబెట్టాడు. మొహం కిటికీ వైపు కాస్త తిప్పించాడు. ఎడమ చెయ్యి మోకాలి మీద, భుజాన ఒక గొంగడి. చూపు గోడ మీది తేమ మరక మీద నిలపమన్నాడు. తలుపు నాకు కుడివైపు, కంటి కొసకు అందీ అందనట్టుగా ఉంది. నా పాదాల చుట్టూ సుద్దగీతలు పడ్డాయి. ఎగ్జామినర్ ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లి కూర్చున్నాడు. పని మొదలైంది.

మొదటి విరామం అయింది, మళ్లీ కూర్చున్నాను. పాదాలు వెనక్కి, ముందుకు బాగానే నడుస్తున్నాయి. కొంతసేపటికి తలుపు దగ్గర ఖాకీ చొక్కా కదిలింది. భాయ్. దగ్గాడు. సారు చప్పుడు కాకుండా వెళ్లాడు. గుసగుసలు. నేను తల తిప్పకూడదు. ఏ చాయ్ సంగతో, కాగితాల సంగతో అనుకున్నాను. సారు తిరిగి వచ్చి తన స్థానంలో నిలబడి నన్ను చూశాడు. విద్యార్థులు చూసినట్టే చూశాడు.

కాసేపటికి భాయ్ మళ్లీ వచ్చాడు. ఈసారి గొంతు కాస్త పైకి వచ్చింది. “సాబ్, ఇన్సాన్ కీ బాత్ హై, మనిషి సంగతి” అన్నది వినిపించింది. “బ్రేక్‌లో చెప్తాను, దగ్గరికే వచ్చింది, నువ్వు పో” అన్న సారు మాట కూడా వినిపించింది. ఎవరి గురించి మాట్లాడుతున్నారో నాకేం తెలుసు? నాకు కబురైతే నన్నే పిలుస్తారు కదా అనుకున్నాను.

అప్పుడు తలుపు పక్కన ఉన్న ఈజిల్ కింద పాదాలు ఆగిపోయాయి. పక్క పాదాలు వాటి దగ్గరికి వెళ్లాయి, ఏదో మాట నడిచింది, వచ్చి తమ చోట నిలబడి అవీ ఆగిపోయాయి. ఆ పక్కవి, ఆ తర్వాతవి, కొల్హాపురీలు కూడా. హాలంతా పాదాలు నిలబడిపోయాయి. ఒక్క ఈజిల్ పక్క నుంచి కూడా తల బయటికి రావడం లేదు. నా బొమ్మ వేయాలంటే నన్ను చూడాలి కదా, ఎవరూ చూడటం లేదు.

నేనేం అనుకున్నానో చెబితే మీకు నవ్వొస్తుంది. నేను కదిలాననుకున్నాను. భంగిమ చెడిపోయిందనీ, అందుకే పిల్లలు ఆగిపోయారనీ అనుకున్నాను. సారు ఇన్నేళ్ల కష్టం నా మూలంగా పోతుందని భయమేసి, నడుము ఇంకా బిగించి, మరక మీద చూపు ఇంకా గట్టిగా నిలిపి కూర్చున్నాను. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ కూర్చోలేదు.

ఎంతసేపో తెలియదు. నాకూ ఈజిళ్లకూ మధ్య ఉన్న ఖాళీలోకి పని జరుగుతుండగా ఎవరూ అడుగు పెట్టరు. అక్కడికి చేతిలో కుంచెతో ఆ అమ్మాయి వచ్చి నిలబడింది.

“అన్నా, లేవు.”

“ఏమైందమ్మా?”

“దవాఖాన నుంచి నిన్ను రమ్మన్నరు. ఎప్పుడో వచ్చిండ్రు. వదిన నిన్ను అడుగుతుందంట. లేవు, ఉరుకు.”

“నేనే చెప్పేవాణ్ణి... బ్రేక్ కాగానే చెప్పేవాణ్ణి...” అంటున్నాడు సారు వెనక నుంచి.

లేచాను. కాళ్లు తిమ్మిరెక్కి తిన్నె మీది నుంచి పడ్డాను. పిల్లలు లేపారు. గేటు దగ్గర భాయ్ నా చెయ్యి పట్టుకున్నాడు. పత్తర్‌గట్టిలో ఆ వేళప్పుడు మనుషులు ఒకరినొకరు తోసుకుంటూ నడుస్తారు. “హటో, హటో భాయ్” అని అరుస్తూ ఆయన ముందు, నేను వెనక. నయాపూల్ వంతెన దాటేటప్పుడు చూసుకుంటే గొంగడి ఇంకా నా భుజం మీదే ఉంది.

వార్డు బయట వరండాలో వదినె గోడకు ఆనుకొని నేల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

“ఏడ వోయినవ్ మరిదీ? పూల్ దాటి వచ్చెతందుకు ఇంత సేపా?”

వార్డు తలుపు వైపు నడవబోయాను.

“ఏడున్నడక్కా అని అడిగింది. వస్తుండు అన్న. జరసేపైనంక మళ్ల అడిగింది. వస్తుండు బిడ్డా, తొవ్వల ఉన్నడు అన్న. ఆఖర్కి అడుగుడు బంద్ జేసి దర్వాజ దిక్కు చూసుకుంట ఉన్నది.”

లోపలికి పోయాను. మొహం మీద దుప్పటి కప్పేశారు. తీసి చూశాను. కళ్లు ఎవరో మూసి పెట్టారు.

పిల్లలు లేరు కాబట్టి తలకొరివి నేనే పెట్టాలి. మా వాళ్ల ఆనవాయితీ ప్రకారం దానికి ముందే నా మీసం తీయించారు. సాయంకాలానికల్లా పురానాపూల్ దగ్గరి శ్మశానంలో అంతా అయిపోయింది.

మర్నాడు సారు మా గల్లీకి వచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు. నా మొహం చూసి ముందు గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక తల దించుకున్నాడు.

“రమ్మంటోందని మాత్రమే చెప్పారయ్యా. ప్రాణం మీదికొచ్చిందని తెలిస్తే ఆపేవాణ్ణా? ఒక్క బ్రేక్ దాకానే కదా అనుకున్నాను.”

నేను గడప మీద కూర్చున్నాను.

“ఎగ్జామినర్‌ను బతిమాలి ఒక్క రోజు వాయిదా వేయించాను. రేపు రెండో రోజు పని. నువ్వు రాకపోతే ఎవరి బొమ్మా పూర్తి కాదు. అందరికీ ఏడాది పోతుంది. నా మీద కోపం నా మీదే ఉంచు. పిల్లల మీద వేయకు.”

లోపలి నుంచి వదినె వచ్చింది. “ఇంకా కూసోవెడ్తవా సారూ? మైలల ఉన్న మనిషిని తీస్కపోయి ఇంకా కూసోవెడ్తవా? దానికి పానం ఉన్నప్పుడు పంపియ్యలే, ఇప్పుడు పీనుగ లెక్క ఉన్నోడు కావాల్నా నీకు?”

ఆయన రెండు చేతులూ జోడించాడు. అట్లాగే వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

నేను వెళ్లాను. ఎందుకు వెళ్లావని నన్ను అడిగినవాళ్లున్నారు. ‘పిల్లలు నీ కోసం కూసుంటరు’ అని ఆమె అన్న మాట ఒకటి ఉంది. అది కాక, ఇంట్లో కూర్చున్నా కుర్చీలో కూర్చున్నా నాకు ఏం తేడా కనిపించలేదు. వదినె ఆ రోజు నాతో మాట్లాడలేదు.

హాలులో ఈజిళ్లన్నీ వాటి సుద్దగుర్తుల్లోనే ఉన్నాయి. నా పాదాల గీతలూ చెరిగిపోలేదు. వెళ్లి కూర్చున్నాను. గొంగడి కప్పారు. ఎగ్జామినర్ వచ్చి నన్ను చూసి, ఈజిళ్ల వైపు చూసి, పిల్లలతో మెల్లగా అన్నాడు: “మీసం మొన్న ఉన్నట్టే ఉంచండి. మొహం కూడా మొన్నటిదే పూర్తి చేయండి.”

తలలు ఒక్కొక్కటిగా బయటికి వచ్చాయి. నన్ను చూసి వెంటనే వెనక్కి పోయాయి. కుంచెల చప్పుడు మొదలైంది. తలుపు పక్క నుంచి మాత్రం ఏ చప్పుడూ రాలేదు. కొంతసేపటికి అక్కడ చెక్క కదిలిన శబ్దం వినిపించింది. ఆ అమ్మాయి బోర్డు దించింది. మేకులు తీసింది. ఈజిల్ కాళ్లు మడిచి గోడకు ఆనించింది.

“ఏం చేస్తున్నావమ్మా? ఏడాది పోతుంది” అన్నాడు సారు.

“పోనీయండి సార్. నేను గీయలేను.”

ఆమె చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోయింది. ఎవరి ఏడాదీ పోకూడదని కదా నేను మైలలో వచ్చి కూర్చున్నది? నాకు నీళ్లు తెచ్చిచ్చిన పిల్ల ఏడాదే పోయింది. సాయంత్రందాకా కూర్చుని ఇంటికి వచ్చాను.

మిగతా అందరూ పాసయ్యారు. పాఠశాలకు గుర్తింపు వచ్చింది. ఆ బొమ్మల్లో ఒకదానికి బహుమతి కూడా వచ్చింది. మెట్ల పక్క గోడకు దాన్ని తగిలించారు. ఆ తర్వాత నేను మోడల్‌గా కూర్చోనని చెప్పాను. సారు కాదనలేదు. ఎక్కడెక్కడో తిరిగి నాకు పర్మనెంటు అటెండరు ఉద్యోగం ఇప్పించాడు. దాంతో పొద్దున్నే నేను చేయాల్సిన పనుల్లో మెట్ల పక్క ఆ బొమ్మను తుడవడం ఒకటైంది. సారు చూడవద్దన్న బొమ్మను ఉద్యోగంగా రోజూ చూశాను. మీసాలున్న మనిషి ప్రశాంతంగా కిటికీ వైపు చూస్తుంటాడు. చాలా బాగా కూర్చున్నాడు. చూడటానికి వచ్చినవాళ్లు అదే మాట అనేవాళ్లు.

భాయ్ మాత్రం సారుకు సలాం చేయడం మానేశాడు. నాతో అప్పుడప్పుడూ అనేవాడు: “నేను అడుగుడు ఎందుకు భాయ్? సీదా లోపలికి వచ్చి నీ చెయ్యి వట్టి గుంజుకపోతే అయిపోతుండె. నౌకరీ పోతదని డర్‌గయా.” నేను ఏమన్నా ఆయనకు ఊరట దొరకలేదు. ఆ భయం గురించి చెప్పుకుంటూనే రిటైరయ్యాడు. సారు రిటైరైన రోజు నా దగ్గరికి వచ్చి నా భుజం తట్టి వెళ్లిపోయాడు.

వదినె మళ్లీ ఊరికి పోలేదు. ఆమెకూ అక్కడ ఎవరూ లేరు. గంజ్‌లో చెల్లెలు కూర్చున్న చోటే కూర్చుని చింతపండు పని చేసేది. నాతో మెల్లమెల్లగా మాటలు మొదలుపెట్టింది. ఒకే కప్పు కింద ఏళ్లు గడిచాయి.

ఎనభైల చివర్లో, పాఠశాలకు సెలవున్న ఒక రోజు, ఆ అమ్మాయి వచ్చింది. మరుసటి ఏడాది వేరేచోట పరీక్ష రాసి, ఏదో జిల్లాలో డ్రాయింగ్ టీచరైందని విన్నాను. జుట్టు అక్కడక్కడా నెరిసింది. మెట్ల దగ్గర బొమ్మ చూసి మొహం తిప్పుకుంది.

“అన్నా, భాయ్ మొదటిసారి వచ్చి చెప్పింది కూడా నాకు వినబడ్డది” అంది. “సార్ చెప్తడు గద అని ఊకున్న. ఈజిల్ ఎనుక నిలబడి బొమ్మకు రంగేసుకుంట ఉన్న. రెండోసారి వచ్చినంక గూడ మస్తు సేపు ఊకున్న. అప్పుడే లేపితే...”

“వద్దమ్మా” అన్నాను. “లేపింది నువ్వొక్కదానివే.”

“వదిన ఫోటో ఉందా నీ తాన?”

లేదని చెప్పాను. మేము ఎప్పుడూ ఫోటో దిగలేదు.

“నువ్వు చెప్పు, నేను గీస్త. గందుకే వచ్చిన.”

హాలు తాళం తీశాను. ఆమె ఒక ఈజిల్ తెచ్చి కిటికీ దగ్గర, వెలుతురు ఎడమ నుంచి వచ్చేటట్టు నిలబెట్టింది. మేకులు కిందికి దించి బోర్డు పెట్టి, దాని మీద కాగితం బిగించింది. తన పక్కన స్టూలు వేసి నన్ను కూర్చోమంది. అన్నేళ్లలో ఈజిల్‌కు ఆ వైపున కూర్చోవడం నాకు అదే మొదటిసారి.

“మొఖం గుండ్రమా, కోలనా?”

“కోల.” కొంచెం ఆగి, “మరీ కోల గాదు” అన్నాను.

“ముక్కు?”

చెప్పాను. ఆమె బొగ్గుతో గీసింది. కాదన్నాను. తుడిచి మళ్లీ గీసింది. నుదురు చిన్నదన్నాను. చిన్నది చేసింది. కాదనిపించింది. ఆమె నవ్వితే ఎట్లా ఉంటుందో చెప్పాను, గొంతు ఎట్లా ఉంటుందో చెప్పాను, గింజలు తీసేటప్పుడు వేళ్లు ఎట్లా ఆడతాయో చెప్పాను. “అట్ల గాదన్నా, కండ్లు చెప్పు, కనుబొమ్మలు చెప్పు” అంది. వెనక్కి నడిచి చూసింది, ముందుకు వచ్చి గీసింది. కాగితం మార్చింది. మళ్లీ మార్చింది. ఆమె వేళ్లూ మొహమూ నల్లగా అయిపోయాయి. పొద్దు వాలిపోతోంది.

ఒక కాగితం దగ్గర స్టూలు మీది నుంచి లేచాను. ఎంతో తెలిసిన మొహం.

“ఇదే” అన్నాను.

ఆమె బొగ్గు కింద పెట్టి, రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కాగితం చుట్టి నా చేతికిచ్చి నా కాళ్లకు మొక్కి వెళ్లిపోయింది. కొంచెం తేలికపడి వెళ్లినట్టే కనిపించింది.

ఇంటికి తెచ్చి వదినె ముందు విప్పాను. దీపం దగ్గరికి జరుపుకుని చాలాసేపు చూసింది.

“నా బొమ్మ ఎందుకు గీయించినవ్ మరిదీ?” అంది.

నేను వంగి కాగితం వైపు చూశాను.

“నా చెల్లె మా అవ్వ తీరు ఉంటుండె. నేను మా బాపు తీరు. మాకు యాడ పోలిక?” కాగితం మీద నుంచి తలెత్తి నన్ను చూసింది. “దాని మొఖం నీకు యాదికున్నదా?”

యాదికున్నదని చెప్పాను.

లేదు.